కొండల్లో సిగ్నల్ ఉండదు: ఆర్‌వీ ప్రయాణికుల సందేహాలు

ఏటా సంక్రాంతి వెళ్ళగానే నాకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. కాల్గరీ, ఎడ్మంటన్, టొరంటోల నుంచి తెలుగువారు ఒకే సంగతి రాస్తారు. వేసవికి అమ్మానాన్నలు వస్తున్నారు, ఆర్‌వీ (లోపలే పడకలు, వంటగది ఉండే బండి) అద్దెకు తీసుకుని వాళ్ళకు కెనడా రాకీ పర్వతాల్లోని బ్యాన్ఫ్, జాస్పర్, యోహో పార్కులు చూపించాలి, కానీ ఫలానా యాప్ ఇబ్బంది పెడుతోంది అని. ఇన్నాళ్ళూ ఒక్కొక్కరికీ విడిగా జవాబిచ్చాను. ఫిర్యాదులు అవే వస్తున్నాయి కనుక ఈ వారం మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

క్యాంప్‌సైట్ల (పార్కుల్లో రాత్రికి బండి నిలుపుకునే స్థలాల) బుకింగ్ ఉదయం 8 గంటలకు మొదలవుతుందంటే 6 గంటలకే ఫోను, ల్యాప్‌టాప్, ట్యాబ్ ముందేసుకుని కూర్చున్నాను. అయినా వరుసలో నాకంటే ముందు వేలమంది ఉన్నారు. నా పొరపాటు ఏమిటి? (ఎడ్మంటన్ పాఠకుడు)

పొరపాటేమీ లేదు. జాతీయ పార్కులను నడిపే ప్రభుత్వ సంస్థ పార్క్స్ కెనడా వెబ్‌సైట్‌లో బుకింగ్ తెరుచుకునే సమయానికి వేచి ఉన్న వారందరికీ వరుస సంఖ్యలు లాటరీ పద్ధతిలో పడతాయి. రెండు గంటల ముందు వచ్చినా, రెండు నిమిషాల ముందు వచ్చినా తేడా లేదు. ఖాతా ముందే తెరిచి, లాగిన్ పనిచేస్తోందో లేదో ముందురోజే చూసుకోండి. బండి పొడవు అద్దెకిచ్చేవారిని అడిగి రాసిపెట్టుకోండి. పొడవు తెలియకుండా చిన్న స్థలం బుక్ చేసుకుని, అక్కడికి వెళ్ళాక బండి పట్టక వెనక్కి తిరిగినవారు ఏటా నాకు రాస్తూనే ఉంటారు.

స్థలం దొరకనివారు ఆ తర్వాత చేసే పని నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. ఎవరైనా రద్దు చేసుకుంటే ఆ స్థలాన్ని మీ పేరున పట్టిస్తామంటూ కొన్ని యాప్‌లు తిరుగుతున్నాయి. వాటిలో మీ బుకింగ్ ఖాతా పాస్‌వర్డు అడిగేవాటిని దగ్గరకు రానివ్వకండి. ఖాళీ ఏర్పడితే ఈమెయిలు పంపే ఏర్పాటు పార్క్స్ కెనడా వెబ్‌సైట్‌లోనే ఉంది. దానికి పాస్‌వర్డును మూడో మనిషి చేతిలో పెట్టాల్సిన అవసరం ఏముంది?

మరో మాట. బ్యాన్ఫ్ పార్కులోని మొరేన్ లేక్ సరస్సు దారిలోకి 2023 నుంచి సొంత వాహనాలను అనుమతించడం లేదు. షటిల్ బస్సులో సీటు బుక్ చేసుకోవాలి. ఆ సీట్లలో 40 శాతం ఏప్రిల్‌లో ఇస్తారు, మిగతా 60 శాతం ప్రయాణానికి రెండు రోజుల ముందు ఉదయం 8 గంటలకు విడుదల చేస్తారు. సరిగ్గా ఆ సమయానికి మీరు ఏ సిగ్నలూ అందని క్యాంప్‌సైట్‌లో కాఫీ కాచుకుంటూ ఉంటారు. ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటారో ఈ 8 గంటల లెక్క చూసుకునే నిర్ణయించుకోండి.

లేక్ లూయీస్ దాటిన కాసేపటికే ఫోనులో మ్యాప్ ఆగిపోయింది. జీపీఎస్‌కు కూడా సిగ్నల్ కావాలా? (కాల్గరీ పాఠకురాలు)

జీపీఎస్‌కు మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు. అది ఉపగ్రహాల నుంచి వస్తుంది. మీ ఫోనుకు మీరు ఎక్కడున్నారో తెలుసు, చూపించడానికి పటమే లేదు. లేక్ లూయీస్ నుంచి జాస్పర్ వరకు ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే అనే రహదారి దాదాపు 230 కిలోమీటర్లు. అందులో అధిక భాగం మొబైల్ కవరేజీ ఉండదు. పటాన్ని ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలని అందరూ చెబుతారు. ఎంత మేర చేసుకోవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

2024 జులై 22 రాత్రి కార్చిచ్చు కారణంగా జాస్పర్‌ను ఖాళీ చేయించారు. పార్కులో సుమారు 25 వేల మంది ఉన్నారు. తూర్పు, దక్షిణ దారులకు మంటలు అడ్డుపడటంతో వాళ్ళను 16వ నంబరు రహదారి మీద పడమటికి, బ్రిటిష్ కొలంబియా వైపు పంపారు. రెండు రోజుల తర్వాత మంటలు పట్టణంలోకి వచ్చాయి. దాదాపు మూడోవంతు కట్టడాలు కాలిపోయాయి. కాల్గరీ నుంచి జాస్పర్ వరకు ఉన్న పటం మాత్రమే దాచుకున్నవారికి ఆ రాత్రి అది ఏం ఉపయోగపడుతుంది? కాబట్టి మీరు వెళ్ళే దారితో సరిపెట్టుకోకండి. పడమట వాల్‌మౌంట్, తూర్పున హింటన్ దాటేవరకు పటం దింపుకోండి. అత్యవసర హెచ్చరికలు ఫోనుకు వచ్చేది టవర్ల ద్వారానే. టవర్ అందని చోట హెచ్చరిక కూడా అందదు. సిగ్నల్ తగిలిన ప్రతి ఊళ్ళోనూ బండి ఆపి 511 అల్బెర్టా, డ్రైవ్‌బీసీ సైట్లలో దారుల పరిస్థితి చూసి కదలండి.

ఫోను మ్యాప్ మీరు నడుపుతున్నది కారనే అనుకుంటుంది. యోహోలో టకాకా జలపాతానికి వెళ్ళే కొండదారి మలుపులు ఎంత ఇరుకంటే, పెద్ద బండ్లు మధ్యలో కొంత దూరం వెనక్కి నడుపుకుంటూ ఎక్కాలి. ట్రైలర్లను అసలు అనుమతించరు. సాధారణ మ్యాప్ యాప్ ఇవేమీ చెప్పకుండా ఆ మలుపుల్లోకి తీసుకుపోతుంది. బండి పొడవు, ఎత్తు అడగకుండానే దారి చూపించే యాప్‌ను ఆర్‌వీ నడిపేవాళ్ళు నమ్ముకోవద్దు. దారి మొదట్లో ఉన్న బోర్డును నమ్మండి.

అమ్మ విజయవాడ నుంచి మిక్సీ తెస్తానంటోంది. ఆర్‌వీలో పనిచేస్తుందా? (ఎడ్మంటన్ పాఠకురాలు)

పనిచేయదు. మన మిక్సీ 230 వోల్టులది, అక్కడి సరఫరా 120 వోల్టులు. మోటారు సరిగ్గా తిరగదు. ఫోను ఛార్జర్ల మీద 100-240 వోల్టులని ఉంటుంది కనుక వాటికి ఇబ్బంది లేదు. ఇండియన్ దుకాణాల్లో దొరికే 110 వోల్టుల మిక్సీ అయితే సరిపోతుంది, అదీ హుకప్ (బండికి కరెంటు కలుపుకునే ఏర్పాటు) ఉన్న స్థలంలోనే. 30 ఆంపియర్ల హుకప్ అంటే మొత్తం 3600 వాట్లు. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్, ఎలక్ట్రిక్ కెటిల్ కూడా వేస్తే బ్రేకర్ పడిపోతుంది. హుకప్ లేని చోట బ్యాటరీని రాత్రి హీటర్ ఫ్యాను కోసం ఉంచుకోండి. పచ్చడి ఇంట్లోనే రుబ్బుకుని ఫ్రిజ్‌లో పెట్టుకుని వెళ్ళడం మేలు.

ఆర్‌వీ స్క్రీనుకు ఫోను కలిపితే పాటలు మధ్యమధ్యలో ఆగిపోతున్నాయి. (టొరంటో పాఠకుడు)

బ్లూటూత్‌లో పాత జతలన్నీ, అంటే ఇంతకుముందు ఆ స్క్రీనుకు కలిపిన ఫోన్ల పేర్లన్నీ, తొలగించి మళ్ళీ కలపండి, సరిపోతుంది. ఆ పాత జతల గురించే నేను అసలు మాట్లాడాలి.

రెండేళ్ళ క్రితం కాల్గరీలో నేనూ ఒక ఆర్‌వీ అద్దెకు తీసుకున్నాను. బ్లూటూత్ జాబితా తెరిస్తే పదకొండు ఫోన్ల పేర్లు కనిపించాయి. వాటిలో ఒకదాని కింద ఫోన్‌బుక్ మొత్తం అలాగే ఉంది. అమ్మ, బావ, పిల్లల బడి, పళ్ళ డాక్టరు, అందరి నంబర్లూ ఉన్నాయి. నావిగేషన్‌లో ‘ఇల్లు’ అని నొక్కితే ఆ కుటుంబం చిరునామా వచ్చింది. టీవీలో ఎవరిదో వీడియో ఖాతా లాగిన్ అయే ఉంది. ముక్కూమొహం తెలియని నాకు ఒక కుటుంబం జీవితమంతా రెండు నిమిషాల్లో చేతికి వచ్చింది. అన్నీ చెరిపేశాను. నా స్థానంలో ఇంకొకడు ఉంటే ఏం చేసేవాడో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అమ్మ నంబరు, మనవడి బడి పేరు తెలిసిన మోసగాడు ఫోను చేసి మీ అబ్బాయికి ప్రమాదం జరిగింది, వెంటనే డబ్బు పంపండి అంటే గుంటూరులో ఉన్న ఏ తల్లి నమ్మకుండా ఉంటుంది?

కాబట్టి ఫోను కలిపేటప్పుడు కాంటాక్టులకు అనుమతి ఇస్తారా అని అడిగితే వద్దనండి. పాటలకు కాంటాక్టులతో పని లేదు. బండి తిరిగి ఇచ్చే ముందు స్క్రీనులోంచి మీ ఫోనునీ, ఫోనులోంచి బండి పేరునీ రెండు చోట్లా తీసేయండి. నావిగేషన్ చరిత్ర చెరపండి, టీవీలో లాగౌట్ చేయండి. బండిలోని వైఫైకి మీ ఫోను తనంతట తాను కలిసే ఏర్పాటును ఆపేయండి, ఆ పాస్‌వర్డు గోడమీద అంటించి ఉంటుంది, అంతకుముందు అద్దెకు తీసుకున్న ప్రతివాడికీ తెలుసు. తలుపు తాళం యాప్‌తో తెరుచుకునేదైతే బండి తీసుకునేటప్పుడే గట్టిగా అడగండి: పాత అద్దెదారుల అనుమతి తీసేశారా? జవాబు తడబడితే మామూలు తాళంచెవి ఇమ్మనండి.

ఇంత పని అద్దెకు తీసుకున్నవాడి నెత్తిన ఎందుకు పెట్టాలి? వాహనాల స్క్రీన్లు తయారుచేసేవాళ్ళ ఊహలో బండికి ఒక్క యజమానే ఉంటాడు. వేసవంతా వారానికో కుటుంబం మారే బండిలో కూడా అదే స్క్రీను పెడతారు. ‘అన్నీ చెరిపెయ్యి’ అనే ఆదేశాన్ని నాలుగు మెనూల లోపల దాచిపెడతారు. హోటల్ గదిలో దుప్పట్లు మార్చాల్సిన బాధ్యత అతిథిది కాదు. బండి తిరిగి వచ్చినప్పుడు స్క్రీనులోని వివరాలు చెరపాల్సిన బాధ్యత కూడా అద్దెకిచ్చేవాళ్ళదే. చట్టం వాళ్ళచేత ఆ పని చేయించేదాకా నేను ఈ సంగతి రాస్తూనే ఉంటాను.

పార్కులో డ్రోన్ ఎగరేయవచ్చా? (కాల్గరీ పాఠకుడు)

అనుమతి లేకుండా కుదరదు. జరిమానా 25 వేల డాలర్ల వరకు పడవచ్చు. ఇంట్లోనే వదిలి వెళ్ళండి.

ఉపగ్రహం ద్వారా సందేశం పంపే చిన్న పరికరం కొన్నాను. తర్వాత హైదరాబాద్ వెళ్తున్నాం, అక్కడా పనికొస్తుందా? (ఎడ్మంటన్ పాఠకుడు)

రాకీ పర్వతాలకు మంచి పరికరమే కొన్నారు. చెట్ల కింద, ఇరుకు లోయల్లో సందేశం వెళ్ళడానికి ఆలస్యమవుతుంది, ఆకాశం బాగా కనిపించే చోట నిలబడి పంపండి. ఇంటి దగ్గరే ఒకసారి వాడి చూడండి. హైదరాబాద్‌కు మాత్రం తీసుకువెళ్ళకండి. భారత్‌లో ఇలాంటి పరికరాలకు టెలికం శాఖ అనుమతి కావాలి. 2024 డిసెంబరులో ఇదే కారణంగా గోవా విమానాశ్రయంలో కెనడా నుంచి వచ్చిన ఒక మహిళను నిలిపివేశారు. భద్రతా తనిఖీలో తానే ఆ పరికరాన్ని ట్రేలో పెట్టిందామె. విమానం ఎక్కే ముందు సామాను సర్దేటప్పుడు బ్యాగుల అడుగున, పిల్లల సంచుల్లో వెతికి, దాన్ని ఎడ్మంటన్‌లోనే మిత్రుల ఇంట్లో ఉంచి వెళ్ళండి.