సారీ చెప్పించి చేతులు కలిపిస్తే సరిపోతుందా?

ప్రశ్న: మా బాబు ఏడో తరగతి. కొన్ని నెలలుగా క్లాసులో ముగ్గురు పిల్లలు వాడి వెంటపడుతున్నారు. కాస్త నత్తి ఉందని వాడిలాగే మాట్లాడి ఏడిపిస్తారు. బ్యాగులో నీళ్లు పోస్తారు, ఆటల్లోకి రానివ్వరు. క్లాస్ టీచర్‌కి చెబితే అందరినీ పిలిచి, ఒకరికొకరు సారీ చెప్పించి చేతులు కలిపించారు. ఆ తర్వాత ‘కంప్లైంట్ గాడు’ అని ఇంకో పేరు పెట్టారు. మావారేమో ‘నువ్వూ తిరిగి కొట్టు’ అంటారు. వాడు ‘ఇంకెవరికీ చెప్పొద్దమ్మా’ అని బతిమాలుతున్నాడు. స్కూలు మార్చేయమంటారా?

జవాబు: మీ బాబు మీతో చెప్పుకున్నాడు. చాలామంది పిల్లలు ఇంట్లో నోరు విప్పరు, కడుపునొప్పి, తలనొప్పి అంటూ బడి ఎగ్గొట్టడమే చేస్తారు. ఇప్పుడు ‘ఎవరికీ చెప్పొద్దు’ అంటున్నాడంటే బాధ తగ్గిందని కాదు. ఒకసారి చెప్పినందుకు జరిగింది చూశాడు కాబట్టి భయపడుతున్నాడు. అందుకని ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. ‘నీకు తెలియకుండా ఏమీ చేయను. ఎవరితో ఏం మాట్లాడబోతున్నానో ముందు నీకే చెబుతాను’ అని మాట ఇవ్వండి, దాన్ని తప్పకండి. ‘నువ్వేం చేశావని వాళ్లు అలా చేశారు?’ అన్న ప్రశ్న మాత్రం వద్దు. అది అడిగితే వాడు మళ్లీ నోరు విప్పడు.

టీచర్‌గారు మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటారు. కానీ ఇది ఇద్దరు స్నేహితుల మధ్య గొడవ కాదు. స్కూళ్లలో వేధింపులపై 1970ల నుంచి పరిశోధన చేసిన నార్వే మనస్తత్వవేత్త డాన్ ఒల్వేయస్ మూడు విషయాలు చూడమన్నారు: కావాలని బాధపెట్టడం, పదే పదే చేయడం, బలంలో తేడా ఉండటం. మీ బాబు విషయంలో మూడూ ఉన్నాయి. ముగ్గురు ఒకవైపు, ఒక్కడు ఒకవైపు ఉన్నప్పుడు రాజీ కుదిర్చి అందరిచేతా సారీ చెప్పిస్తే, ‘నీదీ సగం తప్పే’ అని ఆ ఒక్కడికి చెప్పినట్టే. పైగా తర్వాత ఎవరూ పట్టించుకోరని ఆ ముగ్గురికీ అర్థమైపోతుంది.

మీవారి కోపం నాకు అర్థమవుతుంది. కొడుకు భయపడుతూ బతకకూడదన్నదే ఆయన బాధ. కానీ ముగ్గురి మీద ఒక్కడు చేయి ఎత్తితే దెబ్బలు తినేది వాడే. చాలాసార్లు టీచర్ కంట పడేది కూడా వాడు కొట్టిన ఆ ఒక్క దెబ్బే. దానికి బదులు ‘ఆపు’ అని ఒక్కసారి గట్టిగా అని, పెద్దవాళ్లున్న వైపు నడిచిపోవడం ఇంట్లో వాళ్ల నాన్నతోనే ప్రాక్టీస్ చేయించండి. అది పిరికితనం కాదని నాన్న నోటి నుంచి వింటే వాడికి ఎంతో ధైర్యం.

ఇక స్కూలు సంగతి. ఈసారి నోటిమాటగా వద్దు. ఒక నోట్‌బుక్‌లో తేదీ, చోటు, జరిగింది, ఎవరు చూశారన్నది రాయండి. ‘మంగళవారం, లంచ్ అయ్యాక, కుళాయిల దగ్గర, బ్యాగులో నీళ్లు పోశారు, ఇంకో ఇద్దరు పిల్లలు చూశారు’ అన్నంత వివరంగా. దాంతోపాటు ఒక లెటర్ తీసుకుని హెడ్‌మాస్టర్‌ని కలవండి. ‘వాళ్లకి బుద్ధి చెప్పండి’ అంటే పని జరగదు. లంచ్ టైంలో కుళాయిల దగ్గర ఎవరు నిలబడతారు? ఆ ముగ్గురితో విడివిడిగా, మీ బాబు లేకుండా ఎవరు మాట్లాడతారు? వాళ్ల తల్లిదండ్రులకు ఎవరు చెబుతారు? రెండు వారాల తర్వాత మళ్లీ ఏ రోజు కలుద్దాం? ఇవి అడిగి, జవాబులు రాయించుకోండి. గేటు దగ్గర ఆ పిల్లల తల్లిదండ్రులను మీరే నిలదీయకండి. అది పెద్దవాళ్ల గొడవగా మారి అసలు విషయం మరుగున పడుతుంది. ఆ పిల్లల్ని అందరి ముందూ అవమానించమని కూడా కోరవద్దు. ఆ కోపం మళ్లీ మీ బాబు మీదే తీర్చుకుంటారు.

చూస్తూ నిలబడ్డ పిల్లల గురించి కూడా ఆలోచించండి. కెనడా పరిశోధకులు స్కూలు ఆటస్థలాల్లో పిల్లల్ని వీడియో తీసి గమనించి 2001లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఏడిపించిన సందర్భాల్లో నూటికి 88 సార్లు పక్కన వేరే పిల్లలున్నారు, కానీ అడ్డుపడింది 19 సార్లే. అడ్డుపడినప్పుడు మాత్రం సగానికి పైగా సార్లు పది సెకన్లలోపే ఆగిపోయింది. స్కూళ్లలో వేధింపులు ఆపడానికి ఫిన్లాండ్‌లో తుర్కు యూనివర్సిటీ తయారుచేసిన ‘కివా’ కార్యక్రమం కూడా ఇలా చూస్తూ ఉండే పిల్లల మీదే ఎక్కువ దృష్టి పెడుతుంది. కాబట్టి ‘వాళ్లు నవ్వినప్పుడు నవ్వనివాళ్లు ఎవరు?’ అని మీ బాబుని అడగండి. ఒక్క పేరు చెప్పినా చాలు. ఆ పిల్లాణ్ని సెలవురోజు ఇంటికి పిలవండి. లంచ్‌లో వీళ్లిద్దర్నీ పక్కపక్కన కూర్చోబెట్టమని టీచర్‌ని అడగండి.

నత్తికి స్పీచ్ థెరపీ ఇప్పించాలనుకుంటే, వాడికి ఇష్టమైతేనే ఇప్పించండి. ‘నత్తి తగ్గితే వాళ్లు ఆపేస్తారు’ అని మాత్రం పొరపాటున కూడా అనకండి. ఏడిపించడానికి కారణం వాడి మాట కాదు.

వాడు నిద్రపోకపోయినా, తిండి మానేసినా, ‘నేను లేకపోతే బాగుండు’ లాంటి మాట అన్నా, స్కూలు ఏదో చేస్తుందని ఎదురుచూడకండి. ‘చచ్చిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని నేరుగా అడగండి. అలా అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. ఔనంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.

స్కూలు మార్చడం తప్పేమీ కాదు, కానీ ముందు ఇవన్నీ చేసి చూడండి. హెడ్‌మాస్టర్ కూడా తేలిగ్గా తీసుకుని, చెప్పిన తేదీ దాటిపోయినా ఏమీ మారకపోతే అప్పుడు మార్చండి. అదీ వాడితో కూర్చుని మాట్లాడి, వాడి ఇష్టం తెలుసుకునే చేయండి. కొత్త చోట క్లాస్ టీచర్‌ని మొదటి రోజుకు ముందే కలవండి. జరిగినదాంట్లో ఎంతవరకు చెప్పవచ్చో ముందు మీ బాబుని అడిగి వెళ్లండి.