నార్ఫోక్ పారిష్ రిజిస్టర్లు తెరవబోయే ముందు

చి. శైలజకు ఆశీస్సులు.

మీ అత్తగారి పుట్టింటి వంశం ఇంగ్లండ్‌లోని నార్ఫోక్ కౌంటీ చర్చి రిజిస్టర్లలో వెతుకుతానన్నావు, చాలా సంతోషం. ముందే ఒక మాట. తెలిసిన మనిషి దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి వెళ్లు. 1600ల్లో అదే ఇంటిపేరువాడు దొరికాడు కదా అని అక్కడి నుంచి కిందికి దిగితే ఊరివాళ్లంతా చుట్టాలైపోతారు.

ఇంగ్లండ్‌లో ప్రభుత్వ జనన మరణ నమోదు 1837 జూలై 1న మొదలైంది. ఆ సర్టిఫికెట్లు, 1851 జనాభా లెక్కలు ముందు చూడు. ఎవరు ఏ పారిష్‌లో, అంటే ఏ చర్చి పరిధిలోని ఊళ్లో, పుట్టారో ఆ లెక్కల్లో ఉంటుంది. 1841 లెక్కల్లో పదిహేనేళ్లు దాటినవాళ్ల వయసును చాలావరకు ఐదేసి ఏళ్ల లెక్కకు తగ్గించి రాశారు, దాన్ని పట్టుకుని పుట్టిన ఏడాది తేల్చకు. పారిష్ పేరు తెలిశాకే రిజిస్టర్ జోలికి వెళ్లు.

1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి కాబట్టి బాప్తిస్మం దగ్గర తండ్రి వృత్తి, ఖననం దగ్గర వయసు దొరుకుతాయి. అంతకుముందు ఏం రాయాలన్నది చాలావరకు పాదిరి ఇష్టం. ‘జాన్ కొడుకు విలియం’ అని రాసి వదిలేసినవీ ఉంటాయి, తల్లి పేరు ఉండదు. పొరపాట్లన్నీ ఇక్కడే. ఊళ్లో ఆ పేరుతో ఇద్దరు జాన్‌లు ఉంటే అందరి పిల్లల బాప్తిస్మాలూ తేదీల వరసలో రాసుకో. దొరికిన విలియం నీకు కావలసినవాడేనని రాసుకునే ముందు ఖననాల పేజీలు తప్పకుండా తిప్పు. బిడ్డ పోతే తర్వాత పుట్టినవాడికి అదే పేరు పెట్టడం అక్కడ మామూలు. నెలల వయసులో పోయిన విలియంకి మనవలను అంటగట్టిన వంశవృక్షాలు ఎన్నో.

తేదీల దగ్గర ఇంకా జాగ్రత్త. 1752కి ముందు అక్కడ కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది. 1720 జూన్‌లో పెళ్లి, 1720 ఫిబ్రవరిలో బిడ్డ అని కనిపిస్తే ఆ తల్లిని అనుమానించకు. ఆ ఫిబ్రవరి మన లెక్కన 1721ది. 1720/21 అని రాసుకో.

1754 నుంచి పెళ్లి పుటలో వధూవరుల సంతకాలో, రాయడం రానివాళ్లయితే గుర్తులో ఉంటాయి. ఒకే పేరువాళ్లను విడదీయడానికి అంత మంచి ఆధారం లేదు. అందుకే ఇండెక్స్‌తో సరిపెట్టుకోకుండా అసలు పేజీ ఫోటో చూడు.

1642–60 మధ్య అంతర్యుద్ధం, ఆ తర్వాతి రాజు లేని పాలన వల్ల చాలాచోట్ల రిజిస్టర్లలో ఖాళీలున్నాయి. మిగతా కాలంలో పేజీలు పోతే బిషప్‌కి పంపిన నకళ్లు అడుగు. పేద కుటుంబమైతే 1662 చట్టం కింద పుట్టిన స్థిరనివాస కాగితాలు వెతుకు. మనిషి ఏ పారిష్ నుంచి వచ్చాడో, ఎక్కడికి పంపేశారో వాటిలో తెలుస్తుంది. నార్ఫోక్ పాత రికార్డుల ఆఫీసు నారిచ్‌లో ఉంది.

వాళ్లలో ఎవరైనా కంపెనీ కొలువులో మన వైపు వచ్చి ఉంటే, మద్రాసు ప్రెసిడెన్సీ చర్చిల నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో ఎన్/2 వరసలో ఉన్నాయి.

మీ పెదనాన్న