లాసెట్ ర్యాంకు వచ్చింది, "నాన్ అటెండింగ్" లా కాలేజీలో చేరొచ్చా?

మీ వయసు 27, బీకాం అయిపోయింది, హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నారు, లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్‌లో ర్యాంకు వచ్చింది. ఇప్పుడు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి వెబ్ ఆప్షన్లు (ఏ కాలేజీలు కావాలో ఆన్‌లైన్‌లో వరసగా) పెట్టుకోవాలి, ఉద్యోగం మానకుండా, రోజూ క్లాసులకు వెళ్లకుండా పూర్తిచేసే కాలేజీ ఏదైనా ఉంటే చెప్పమన్నారు. అంటే నాన్ అటెండింగ్ కాలేజీ కావాలి. పదేళ్ల కింద నేనూ అచ్చం ఇదే అడిగాను, అలాంటి కాలేజీలోనే చేరాను, దాని వల్ల నష్టపోయాను. నాతోపాటు ఇంకొకాయన కూడా నష్టపోయాడు. అందుకే కాలేజీ పేరు చెప్పకుండా ఇంత పెద్ద జవాబు రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

నాది నల్గొండ జిల్లా. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూసేదాన్ని. 2015లో సీటొచ్చింది. సర్టిఫికెట్లు ఇవ్వడానికి వెళ్లిన రోజే కాలేజీ ఆఫీసులో ఒకాయన "మేడం, మీరు రోజూ రానక్కర్లేదు, అటెండెన్స్ సంగతి మేం చూసుకుంటాం, సెమిస్టర్‌కి ఇంత అని కట్టేయండి, పరీక్షలకు వస్తే చాలు" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చినట్టయింది. డబ్బు కట్టాను. ఆల్ ఇన్ వన్ పుస్తకాలు కొనుక్కుని, పరీక్షలకు పది రోజుల ముందు సెలవు పెట్టి చదివి, అన్ని సబ్జెక్టులూ పాసయ్యాను, సివిల్ కేసుల విధానం చెప్పే సీపీసీలో మంచి మార్కులు కూడా వచ్చాయి. మూట్ కోర్టు, అంటే కాలేజీలో విద్యార్థులు చేసే నమూనా కోర్టు వాదన, దాని రికార్డు అయితే జిరాక్స్ షాపులో దొరికితే తెచ్చి, చూసి రాసి ఇచ్చేశాను. ఆ మూడేళ్లూ అంతా బాగానే ఉందనుకున్నాను.

2018లో లాయరుగా నమోదై (ఎన్‌రోల్ అయ్యి) ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టులో ఒక సీనియర్ దగ్గర చేరాను. రెండో వారంలోనే ఆయన ఒక కాగితాల కట్ట నా చేతికిచ్చి, "ప్లాటు కేసమ్మా, పక్కవాడు గోడ కడుతున్నాడు, దావాతో పాటు ఇంజంక్షన్ పిటిషన్ రాసి పట్టుకురా" అని హైకోర్టుకు వెళ్లిపోయారు. ఇంజంక్షన్ అంటే కట్టడం ఆపమనే కోర్టు ఉత్తర్వు, అది సీపీసీలో ఆర్డర్ 39 రూల్స్ 1, 2 అని నాకు నోటికొచ్చు, పరీక్షలో నాలుగు పేజీలు రాశాను కూడా. కానీ ఆ పిటిషన్ ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా కళ్లతో చూడలేదు. ఆఫీసులోని పాత ఫైలు ఒకటి చూసి ఏదో రాశాను. ఆస్తి వివరాలు రాసే షెడ్యూల్లో ప్లాటు నంబరు, సర్వే నంబరు, గజాలు రాశాను గానీ తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణం హద్దులు రాయలేదు. పిటిషన్‌కి జతచేయాల్సిన అఫిడవిట్ కూడా సరిగ్గా లేదు. సార్ ఆ రోజు రాత్రి వరకు రాలేదు, అర్జెంటు అని నేనే ఫైల్ చేయించాను. ఫైలింగ్ సెక్షన్‌లో ఆబ్జెక్షన్ వేసి రిటర్న్ చేశారు. సరిచేసి మళ్లీ వేసేసరికి మధ్యలో సెలవులు కూడా రావడంతో నాలుగు రోజులు పోయాయి.

ఆ ప్లాటు ఒక పెద్దాయనది, రిటైరైన ఆర్టీసీ డ్రైవరు, ఉద్యోగంలో కూడబెట్టిందంతా దాని మీదే పెట్టాడు. ఐదో రోజు పొద్దున కోర్టు మెట్ల దగ్గర నన్ను ఆపి, చెయ్యి తన నడుము దగ్గర పెట్టి "మొన్న ఇంతుండే", తర్వాత భుజం దాకా ఎత్తి "ఇయ్యాల ఇంత లేచింది బిడ్డా గోడ" అన్నాడు. తిట్టలేదు, గట్టిగా మాట్లాడలేదు, అంతే అన్నాడు. చివరికి ఆర్డర్ వచ్చింది, కట్టడం ఆగింది, కానీ ఆ లేచిన గోడ తీయించడానికి ఆయనకు ఇంకా ఏళ్లు పట్టింది. నేను క్లాసుకు వెళ్లి ఉంటే, మూడో ఏడాది డ్రాఫ్టింగ్ పేపరు కోసం ఒక్క దావా నిజంగా నా చేత్తో రాసి ఉంటే, ఆ నాలుగు రోజులు పోయేవి కావు.

అందుకే ముందుగా నాన్ అటెండింగ్ అనే మాట మనసులోంచి తీసేయండి. అది రూల్ ప్రకారం కూడా లేదు. లాయర్లను, లా చదువును నియంత్రించే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన లీగల్ ఎడ్యుకేషన్ రూల్స్‌లో ప్రతి సబ్జెక్టులో కనీసం 70 శాతం హాజరు ఉండాలని, మూడేళ్ల కోర్సు అంటే వారానికి 30 గంటల క్లాసులు అని స్పష్టంగా ఉంది. 2024 సెప్టెంబరులో బార్ కౌన్సిల్ బయోమెట్రిక్ హాజరు పెట్టమని, చదువుకునేటప్పుడు ఉద్యోగం చేస్తుంటే ఆ సంగతి విద్యార్థి చెప్పాలని, ఒకేసారి ఇంకో రెగ్యులర్ డిగ్రీ చేయడం లేదని రాసివ్వాలని కాలేజీలకు సర్క్యులర్ కూడా పంపింది. అప్పట్లో మేం నెట్టుకొచ్చాం కదా అని మీరూ అదే ధైర్యంతో చేరితే, ఆఖరి సెమిస్టర్‌లో హాల్ టికెట్ దగ్గరో, ఎన్‌రోల్‌మెంట్ దగ్గరో టెన్షన్ పడాల్సి వస్తుంది.

మరి ఉద్యోగం ఎలా అంటారు. నిజమే, అందరికీ ఇంట్లో పరిస్థితులు ఒకేలా ఉండవు. నేను చెప్పేదేంటంటే, వీలైతే ఒక ఏడాది ఆగి డబ్బు కొంచెం దాచుకుని చేరండి, లేదా క్లాసులు ఉదయం మొదలై మధ్యాహ్నానికి అయిపోయే కాలేజీ చూసుకుని సాయంత్రం చేసే పనికి మారండి. బీకాం చేశారు కాబట్టి జీఎస్టీ, టాక్స్ ఆఫీసుల్లో సాయంత్రం పూట పని దొరుకుతుంది, అది రేపు లాయరుగా కూడా మీకు పనికొస్తుంది. ఆలస్యమవుతుందని భయపడకండి, లాసెట్‌కు వయసు పరిమితి లేదు. మా బ్యాచ్‌లో రిటైరైన హెడ్ కానిస్టేబుల్ ఒకాయన ఉండేవారు, మా అందరికంటే ఆయనే క్రమం తప్పకుండా క్లాసుకు వెళ్లారు, ఇప్పుడు క్రిమినల్ కోర్టులో మంచి పేరు తెచ్చుకున్నారు.

ఇక కాలేజీ ఎంపిక. నల్సార్ పేరు అడిగారు కాబట్టి చెప్తున్నా, శామీర్‌పేటలో ఉన్న నల్సార్, విశాఖలో ఉన్న దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ ప్రధానంగా ఇంటర్ తర్వాత క్లాట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాసి ఐదేళ్ల కోర్సులో చేరేవాళ్లకు. డిగ్రీ అయ్యాక వచ్చే మనలాంటివాళ్లకు ఇక్కడ ప్రధాన దారి లాసెట్టే. మీ ర్యాంకుకు యూనివర్సిటీ సొంత లా కాలేజీ, ఉస్మానియాదో కాకతీయదో, వచ్చే అవకాశం ఉంటే అది మొదటి ఆప్షన్‌గా పెట్టండి, ఫీజు తక్కువ, లైబ్రరీ ఉంటుంది, పోటీ పడి చదివేవాళ్లు పక్కన ఉంటారు. అది రాకపోతే ప్రైవేటు కాలేజీలు. వాటిలోనూ చాలా మంచివి ఉన్నాయి, ఏళ్ల తరబడి కోర్టులో నిలబడ్డ లాయర్లు వచ్చి పాఠం చెప్పేవి ఉన్నాయి.

మంచిదో కాదో వెబ్‌సైట్ చూసి తెలుసుకోలేరు. అడ్మిషన్ల సీజన్‌లో వెళ్తే ఎవరైనా కూర్చోబెట్టి టీ ఇచ్చి బాగానే మాట్లాడతారు. మీరు క్లాసులు జరుగుతున్న రోజుల్లో, మామూలు మంగళవారమో బుధవారమో, పదకొండింటికి వెళ్లండి. క్లాసు రూముల్లో మనుషులు ఉన్నారా, బోర్డు మీద ఆ రోజు రాసిన అక్షరాలు ఉన్నాయా, లైబ్రరీ తలుపు తీసి ఉందా, బల్లల మీద దుమ్ముందా, ఇవి చూడండి. మూట్ కోర్టు హాలు చూపించమనండి. చివరిసారి అక్కడ మూట్ ఎప్పుడు జరిగిందో ఆఫీసులో కాదు, క్యాంటీన్‌లో కూర్చున్న మూడో ఏడాది పిల్లల్ని అడగండి. రూల్స్ ప్రకారం ఒక్కో విద్యార్థి మూడు మూట్లు చేయాలి, కోర్టుకెళ్లి రెండు కేసుల విచారణ చూసి రాయాలి. అది నిజంగా జరుగుతోందో, నాలాగా జిరాక్స్ షాపులో కొంటున్నారో వాళ్లే చెప్పేస్తారు, ఆ వయసువాళ్లు దాచరు.

బార్ కౌన్సిల్ అనుమతి ఏ సంవత్సరం దాకా ఉందో కాగితం చూపించమని అడగడానికి మొహమాటపడొద్దు. నా ఫ్రెండ్ ఒకామె చదివిన కాలేజీకి ఆ అనుమతి పెండింగ్‌లో ఉండటంతో ఎన్‌రోల్‌మెంట్‌కి నెలల తరబడి తిరిగింది. అలాగే ఇంటర్ లేకుండా ఓపెన్ యూనివర్సిటీలో నేరుగా డిగ్రీ చేసినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే దయచేసి ఆగండి. ఆ డిగ్రీతో లా కోర్సుకు అర్హత లేదని బార్ కౌన్సిల్ రూల్స్‌లోనే ఉంది, మూడేళ్లూ చదివాక తెలిస్తే తట్టుకోలేరు. ఇంటర్ చేసి ఆ తర్వాత దూరవిద్యలో డిగ్రీ చేసినవాళ్లకు ఈ ఇబ్బంది లేదు.

కాలేజీకి కోర్టు ఎంత దూరమో కూడా చూడండి. చాలామంది ఇది అసలు లెక్కలోకే తీసుకోరు, నా దృష్టిలో మాత్రం ఫీజు తర్వాత చూడాల్సింది ఇదే. క్లాసు అయ్యాక అరగంటలో కోర్టుకు చేరగలిగితే రెండో ఏడాది నుంచే ఒక సీనియర్ ఆఫీసుకు వెళ్లొచ్చు. మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాల ఇంటర్న్‌షిప్ ఎలాగూ చేయాలి, దాన్ని సంతకం కోసం కాకుండా పని కోసం చేయండి. కాజ్ లిస్టు (ఆ రోజు విచారించే కేసుల జాబితా) చూడటం, వాయిదాలు డైరీలో రాయడం, సర్టిఫైడ్ కాపీకి అప్లికేషన్ పెట్టడం, బెంచ్ క్లర్క్‌తో మర్యాదగా మాట్లాడి విషయం తెలుసుకోవడం, ఇవి ఏ పుస్తకంలోనూ ఉండవు. సీనియర్ దగ్గరున్న గుమాస్తా మీకు సగం గురువు, ఆయన్ని ఎప్పుడూ చిన్నచూపు చూడొద్దు.

ఇంగ్లిష్ గురించి భయమన్నారు. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియమే. కింది కోర్టులో సాక్షి తెలుగులోనే చెప్తాడు, మనం తెలుగులోనే అడుగుతాం, జడ్జిగారు దాన్ని ఇంగ్లిష్‌లో డిక్టేట్ చేస్తారు. "నువ్వు ఆ రోజు అక్కడ లేవు, అబద్ధం చెప్తున్నావు" అని మనం అంటే సాక్షి "కాదు సార్, ఉన్న" అంటాడు, టైపిస్టు "ఇట్ ఈజ్ నాట్ ట్రూ టు సజెస్ట్ దట్" (అలా అనడం నిజం కాదు) అని మొదలుపెట్టి కొడతాడు. పది రోజులు వెనక కూర్చుని ఇది వింటే ఆ భాష దానంతట అదే చెవికి ఎక్కుతుంది. కాకపోతే మొదటి రోజు నుంచి గైడ్లు పక్కనపెట్టి బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేని అసలు చట్టం, చదవండి, రోజుకు నాలుగు సెక్షన్లు చాలు, గట్టిగా పైకి చదవండి. 2024 జులై 1 నుంచి ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ యాక్టు స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య అధినియం వచ్చాయి. అయితే అంతకుముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది, ఆ కేసులు ఇంకా చాలా ఏళ్లు నడుస్తాయి, కాబట్టి మీ బ్యాచ్‌కు హత్య కేసుకు పాత సెక్షన్ 302తో పాటు కొత్త 103 కూడా తెలిసి ఉండాలి. పాత గైడ్లు సగం ధరకు ఇస్తున్నారని కొనకండి.

జడ్జి పరీక్ష కోసం లా చేద్దామనుకుంటున్నట్టు కూడా రాశారు. 2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మళ్లీ మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అయింది. అంటే మూడేళ్ల చదువు, మూడేళ్ల కోర్టు, మొత్తం ఆరేళ్ల లెక్క వేసుకోండి. ఆ మూడేళ్లలో డబ్బు పెద్దగా ఉండదు. బార్ కౌన్సిల్ 2024 అక్టోబరులో జూనియర్ లాయర్లకు నగరాల్లో నెలకు 20 వేలు, గ్రామాల్లో 15 వేలు ఇవ్వాలని సూచించింది, కానీ అది సూచన మాత్రమే. నాకు మొదటి ఏడాది నెలకు 4 వేలు వచ్చేవి, ఇప్పటికీ జిల్లా కోర్టుల్లో చాలామంది జూనియర్ల పరిస్థితి దానికి పెద్ద తేడాగా లేదు. మీరు కోర్సులో చేరకముందే ఇంట్లోవాళ్లకు ఈ సంగతి చెప్పండి. తర్వాత చెప్తే వాళ్లకూ కష్టం, మీకూ కష్టం.

ఎన్‌రోల్‌మెంట్ ఫీజు వేలకు వేలు అని ఎవరో చెప్పారన్నారు. అది పాత మాట. 2024 జులై 30న సుప్రీంకోర్టు, అడ్వకేట్స్ యాక్టులో ఉన్న 750 రూపాయలకు మించి, ఎస్సీ, ఎస్టీలకైతే 125కు మించి తీసుకోవద్దని చెప్పింది. ఆ తర్వాత ఆలిండియా బార్ ఎగ్జామ్ ఉంటుంది, వంద ప్రశ్నలు, తెలుగులోనూ రాయొచ్చు, నోట్సు లేని బేర్ యాక్టులు లోపలికి తీసుకెళ్లనిస్తారు. క్లాసులో శ్రద్ధగా కూర్చున్నవాళ్లకు అది పెద్ద భయం కాదు.

వెబ్ ఆప్షన్లకు ఇంకా టైముంది కాబట్టి ఒక రోజు సెలవు పెట్టి మీకు దగ్గర్లో ఉన్న కోర్టుకు వెళ్లండి. కోర్టు హాల్లోకి ఎవరైనా వెళ్లి వెనక బెంచీ మీద కూర్చోవచ్చు, మామూలుగా ఎవరూ ఆపరు. ఫోన్ ఆఫ్ చేసి పదిన్నరకల్లా కూర్చోండి. ముందు కేసులు పిలుస్తారు, వరసగా వాయిదాలు పడతాయి, అది చూసి విసుగొచ్చి లేచి రావొద్దు. సాక్షుల విచారణ మొదలయ్యేదాకా ఆగండి, ఒక్క క్రాస్ ఎగ్జామినేషన్ (ఎదుటి పక్షం లాయరు సాక్షిని ప్రశ్నించడం) అయినా పూర్తిగా విని రండి. ఆ రోజు సాయంత్రం కూడా మీకు ఇదే చదవాలనిపిస్తే ఇక్కడే రాయండి. మీ ర్యాంకు, ఉండే ఏరియా చెప్తే ఆప్షన్లు ఏ వరసలో పెట్టాలో కూర్చుని చూద్దాం.