డిగ్రీ కోసం కాని విదేశీ ప్రయాణానికి స్కాలర్‌షిప్ దొరుకుతుందా?

ప్రశ్న: మాది తిరుపతి. చెన్నైలో బి.ఆర్క్ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. యాత్రికుల రద్దీని ఇతర దేశాల పుణ్యక్షేత్రాలు ఎలా తట్టుకుంటున్నాయో రెండు నెలలు తిరిగి చూడాలని నా కోరిక. సహాయం కోసం ఎవరిని అడిగినా ఏ విశ్వవిద్యాలయంలో సీటు వచ్చిందని అడుగుతున్నారు. డిగ్రీ రాని ప్రయాణం దేనికని నాన్నగారు అంటున్నారు. సొంత అధ్యయనానికి డబ్బిచ్చేవారు ఉన్నారా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఉన్నారు, కానీ తక్కువమంది. కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ మాస్టర్స్, పీహెచ్‌డీ చదువులకే వర్తిస్తుంది. 1892లో మొదలైన జె.ఎన్. టాటా ఎండోమెంట్ ఇచ్చేది ఉన్నత విద్యకు రుణం. సీటు గురించిన ప్రశ్న మీకు పదే పదే ఎదురవుతున్నది అందుకే.

మీరు ముందుగా చూడవలసింది రిబా నార్మన్ ఫోస్టర్ ట్రావెలింగ్ స్కాలర్‌షిప్. బ్రిటన్‌లోని ఆర్కిటెక్టుల సంస్థ రిబా 2006లో దీనిని నెలకొల్పింది. ఇటీవలి సంవత్సరాల్లో ఒక విద్యార్థికి 7,000 పౌండ్లు ఇచ్చారు. నగరాల, పట్టణాల మనుగడకు సంబంధించిన అంశాన్ని ఎంచుకుని, ఎక్కడెక్కడికి వెళ్లాలో విద్యార్థే నిర్ణయించుకోవచ్చు. అయితే ఆహ్వానం అందిన కళాశాల తరఫున ఒక్కరి ప్రతిపాదనే వెళుతుంది కనుక, మీ కళాశాలకు ఆ అవకాశం ఉందో లేదో శాఖాధిపతిని ఈ వారమే అడగండి. ఈ స్కాలర్‌షిప్ 2008లోనూ 2011లోనూ ముంబయిలోని రిజ్వీ కళాశాల విద్యార్థులకే దక్కింది. మొదటివారి అంశం ప్రజా రవాణా, రెండోవారిది ఎనిమిది మహానగరాల్లో పారిశుద్ధ్యం. రెండూ మన వీధుల్లో రోజూ కనిపించే సమస్యలే.

మీకూ అటువంటి అంశం ఇంటి ముంగిటే ఉంది. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. స్పెయిన్‌లోని క్రైస్తవ పుణ్యక్షేత్రం శాంటియాగో యాత్రలోనూ భక్తులు నడుస్తారు. యాత్ర పూర్తయినట్లు ధ్రువపత్రం కావాలంటే కాలినడకన కనీసం 100 కిలోమీటర్లు నడిచి ఉండాలి. ఆ దారిలో యాత్రికులు రాత్రులు గడిపే సత్రాలను, అలిపిరి దారిలోని మండపాలను పక్కపక్కన పెట్టి, నడిచేవారి అలసటను కట్టడం ఎలా పంచుకుంటుందని అడిగితే అది మీరు మాత్రమే అడగగల ప్రశ్న అవుతుంది. ‘యాత్రా స్థలాల నిర్మాణం’ అని రాస్తే ఎవరైనా రాయగలిగిన ప్రతిపాదనగా మిగిలిపోతుంది. వెళ్లకముందే అలిపిరి దారిలో రెండు ఆదివారాలు కూర్చుని, జనం ఎన్నో మెట్టు దగ్గర ఆగుతున్నారో, నీడ, నీళ్లు, మరుగుదొడ్లు ఎంత దూరానికి ఒకటి ఉన్నాయో లెక్కించి పటం గీయండి. తెచ్చిపెట్టుకున్న పెద్ద మాటలకంటే ఇటువంటి పటాన్నే ప్రతిపాదనల పరిశీలకులు నమ్ముతారని నా అభిప్రాయం.

1883 నుంచి ఉన్న బోస్టన్‌లోని రోచ్ స్కాలర్‌షిప్ పేరు కూడా మీకు కనిపించవచ్చు. అది అమెరికాతో చదువు లేదా వృత్తి సంబంధం ఉన్నవారికి ఉద్దేశించినది కనుక దానిపై సమయం పెట్టకండి. వారసత్వ కట్టడాల పరిరక్షణ వైపు వెళ్లదలిస్తే, 25 ఏళ్లు దాటాక, బ్రిటన్‌లో స్వల్పకాలిక పరిశోధనకు చార్లెస్ వాలస్ ఇండియా ట్రస్ట్‌ను ఆశ్రయించవచ్చు.

నాన్నగారికి ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషి సంగతి చెప్పండి. పారిస్‌లో ప్రఖ్యాత ఆర్కిటెక్టు లె కోర్బూజియే వద్ద పనిచేసి వచ్చిన ఆయన 1958లో గ్రాహం ఫౌండేషన్ ఫెలోషిప్‌తో అమెరికా వెళ్లారు. అదీ డిగ్రీ కోసం చేసిన ప్రయాణం కాదు. 2018లో ఆర్కిటెక్టులకిచ్చే అత్యున్నత గౌరవమైన ప్రిట్జ్‌కర్ పురస్కారం అందుకున్న తొలి భారతీయుడు ఆయనే.

పాస్‌పోర్టు లేకపోతే తిరుపతిలోని సేవా కేంద్రంలో ఇప్పుడే దరఖాస్తు చేయండి. స్పెయిన్‌కు షెంజెన్ వీసా, అంటే పలు ఐరోపా దేశాల ఉమ్మడి వీసా కావాలి. దానిపై 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండరాదు, కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయవచ్చు, 15 రోజుల లోపు మాత్రం కుదరదు. మీ రెండు నెలలను వేసవి సెలవుల్లో పెట్టుకుంటే హాజరు సమస్య రాదు.