పవర్ వీల్‌చైర్‌కి ఈఎంఐ పెట్టుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 35. కూకట్‌పల్లిలో ఉంటాను, ఉద్యోగం హైటెక్ సిటీలో. ఐదేళ్ల కిందట ప్రమాదంలో వెన్నుపూస దెబ్బతిని నడుము కింద కదలిక పోయింది. చేతుల్లో బలం బాగానే ఉంది. సదరం సర్టిఫికెట్‌లో 85 శాతం అని ఉంది. జీతం నెలకు రూ.72,000. అందులో క్యాబ్‌లకే రూ.13,000 దాకా పోతోంది. ఇప్పుడున్నది మామూలు ఇనుప వీల్‌చైర్. రూ.1.8 లక్షల పవర్ వీల్‌చైర్ ఒకటి చూశాను, బరువు 48 కిలోలు. మూడేళ్ల ఈఎంఐతో పర్సనల్ లోన్ ఇస్తామంటున్నారు. మా బావగారేమో తన పాత స్కూటీకి పక్క చక్రాలు వేయించి ఇస్తానంటున్నారు. ఆఫీసు పని మీద అప్పుడప్పుడు విమానంలో బెంగళూరు, పండగలకు రైల్లో రాజమండ్రి వెళ్తుంటాను. ఎఫ్‌డీలో రూ.3.5 లక్షలున్నాయి. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఆ 48 కిలోల కుర్చీ కొనకండి. లోన్ మీదే కాదు, చేతిలో డబ్బుతో కూడా వద్దు. కుర్చీ బాగోలేదని కాదు, దాన్ని మీతో పాటు ఎవరు మోస్తారన్నదే నా ప్రశ్న. మన ఊళ్లో చాలా క్యాబ్‌ల డిక్కీలో సగం సీఎన్‌జీ సిలిండరే ఉంటుంది. మామూలు వీల్‌చైర్ చూసి రైడ్ క్యాన్సిల్ చేసే డ్రైవర్లు మీకు కొత్త కాదు. అంత బరువున్న కుర్చీని పెద్ద బండి మాట్లాడుకుంటే తప్ప తీసుకెళ్లలేరు. అప్పుడు ఈఎంఐ కడుతూనే క్యాబ్‌లకు ఇంకా ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. రాజమండ్రి రైలు దగ్గరా అదే కథ. ప్లాట్‌ఫాం నుంచి బోగీలోకి ఎత్తడానికి ఇద్దరు ముగ్గురు మనుషులు కావాలి, బోగీలో అది పట్టే చోటూ ఉండాలి.

చేతుల్లో బలం ఉందంటున్నారు కాబట్టి మీకు సరిపోయేది రెండు ముక్కల ఏర్పాటు: మీ కొలతలకు చేసిన తేలికపాటి వీల్‌చైర్, దానికి ముందు తగిలించుకునే బ్యాటరీ మోటార్. రోడ్డు మీద మోటార్‌తో వెళ్లి, ఆఫీసు చేరాక దాన్ని విడదీసి మామూలు కుర్చీలా వాడుకోవచ్చు. ఐఐటీ మద్రాసులో పుట్టిన నియోమోషన్ సంస్థ నియోఫ్లై, నియోబోల్ట్ పేర్లతో ఈ జోడీనే తెచ్చింది. 2021 ప్రాంతంలో కుర్చీ ధర రూ.39,900, మోటార్ ధర రూ.55,000. వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపే. 2025లో అదే ఐఐటీ నుంచి 9 కిలోల వైడీ వన్ అనే కుర్చీ కూడా వచ్చింది. ఇవే కొనమని చెప్పడం లేదు, ఇంకా కంపెనీలున్నాయి. పాత ధరలు చూసి లెక్కేసుకోకుండా కొత్త కొటేషన్ తెప్పించుకోండి. మంచి కుషన్‌తో కలిపి రూ.1.25 లక్షలు బడ్జెట్‌గా పెట్టుకోండి. కుషన్ దగ్గర మాత్రం పొదుపు వద్దు. స్పర్శ లేని చోట ఒక్క బెడ్‌సోర్ (ఒత్తిడి పుండు) పడితే ఆసుపత్రి ఖర్చు, సెలవులు కలిపి ఈ కుర్చీ ధరను మించిపోవచ్చు. భుజాల నొప్పి ఇప్పటికే మొదలై ఉంటే ముందు ఫిజియోథెరపిస్టుకు చూపించుకోండి. మీకు పవర్ కుర్చీయే అవసరమని ఆయన చెబితే నా సలహా మారుతుంది.

ఇక డబ్బు సంగతి. రూ.1.8 లక్షలకు 14 శాతం వడ్డీ అనుకుంటే మూడేళ్ల ఈఎంఐ సుమారు రూ.6,150. మొత్తం వడ్డీ రూ.41 వేలు దాటుతుంది. ఎఫ్‌డీ కదిలిస్తే దాని మీద వచ్చే వడ్డీ కూడా పోతుంది కదా అనిపించవచ్చు. నిజమే, 7 శాతం లెక్కన మూడేళ్లలో అదీ దాదాపు అంతే వస్తుంది. కానీ ఎఫ్‌డీ తీసి కొని, ఆ రూ.6,150ని నెలనెలా అదే వడ్డీకి ఆర్‌డీ (రికరింగ్ డిపాజిట్)లో వేస్తే మూడేళ్ల చివర ఎఫ్‌డీని అలాగే ఉంచినప్పటికంటే సుమారు రూ.24 వేలు ఎక్కువ చేతికొస్తుంది. ముందే ఎఫ్‌డీ తీసినందుకు బ్యాంకు కోసే కొద్దిపాటి వడ్డీ పోయినా లాభం మీదే. ఒక నెల ఇబ్బంది వస్తే ఆర్‌డీ ఆపొచ్చు, ఈఎంఐ ఆపలేరు.

మీకు కావాల్సింది రూ.1.25 లక్షలే కాబట్టి ఎఫ్‌డీలో ఇంకా రూ.2.25 లక్షలు మిగులుతాయి. అది అత్యవసర నిధి, దాన్ని ముట్టుకోవద్దు. వానాకాలంలోనూ, రాత్రి ఆలస్యమైనప్పుడూ క్యాబ్ తప్పదు. మెట్రోలో లిఫ్టులున్నాయి కానీ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి అమీర్‌పేటలో రైలు మారి చుట్టూ తిరిగి రావాలి. ఇవన్నీ పోగా క్యాబ్ ఖర్చులో నెలకు రూ.7,000 మిగిలినా ఏడాదిన్నరలో పెట్టిన డబ్బు వెనక్కి వస్తుంది. ఆ మిగిలిందే ఆర్‌డీలో వేయండి. అందులో వెయ్యి రూపాయలు బ్యాటరీ పేరున విడిగా పెట్టండి, కొన్నేళ్లకు అది మార్చక తప్పదు. ఇప్పుడున్న ఇనుప కుర్చీని అమ్మినా పెద్దగా రాదు. దాన్ని ఆఫీసులో ఉంచేయండి. కొత్తది రిపేరుకు వెళ్లిన రోజు సెలవు పెట్టక్కర్లేదు.

బావగారి స్కూటీ దగ్గర ఆగండి. సందు చివరి మెకానిక్‌తో పక్క చక్రాలు వేయిస్తే సరిపోదు. మార్పుకు ఆర్టీఏ అనుమతి ఉండాలి, అది ఆర్‌సీలో ఎక్కాలి, మీకు ఆ తరహా బండికి సరిపడే లైసెన్సు ఉండాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలి. ఇందులో ఏది తప్పినా ప్రమాదం జరిగిన రోజు క్లెయిం దగ్గర పేచీ వస్తుంది. పద్ధతిగా మార్పించి నమోదు చేయించిన బండికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో, అంటే సొంత బండికి జరిగే నష్టం కోసం కట్టే భాగంలో, 50 శాతం తగ్గింపు ఉంది. పాలసీ కాగితంలో ఐఎంటీ 12 అని కనిపిస్తుంది. చాలామంది ఏజెంట్లు తమంతట తాము చెప్పరు, మీరే అడగాలి. ఇంతా చేసి స్కూటీ మీద ఆఫీసుకు చేరాక కూర్చోవడానికి కుర్చీ అక్కడ ఉండాలి కదా? ఆఫీసులో ఒకటి ఉంటే సరే, మరి మధ్యలో మందుల షాపు దగ్గర ఆగాలంటే? స్కూటీ సంగతి ఏడాది తర్వాత చూద్దాం.

బెంగళూరు వెళ్లేటప్పుడు మోటార్ ఇంట్లో వదిలి కుర్చీతోనే వెళ్లండి. మోటార్ కూడా కావాలంటే బ్యాటరీ లెక్క చూసుకోవాలి. ఊడదీసి క్యాబిన్‌లో తీసుకెళ్లాల్సిన లిథియం బ్యాటరీ 300 వాట్-అవర్లు మించకూడదు, ఎయిర్‌లైన్ ముందే ఒప్పుకోవాలి. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణించండి: 24 వోల్టులు, 12 ఆంపియర్-అవర్లయితే 288, సరిపోతుంది. అదే 20 అయితే 480, కుదరదు. కొనేముందే ఆ లేబుల్ చదవండి. సాయం కావాలన్న సంగతి 48 గంటల ముందు చెప్పండి. పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధనల ప్రకారం కుర్చీకి చార్జీ తీసుకోకూడదు. అసలు రిస్కు వేరే చోట ఉంది. దేశీయ విమానాల్లో సామాను పాడైతే పరిహార పరిమితి ఒక ప్రయాణికురాలికి రూ.20,000 మాత్రమే. మీ కుర్చీ ధరలో అది ఏ మూలకి? చెక్-ఇన్ దగ్గర కుర్చీకి నాలుగు వైపులా ఫొటోలు తీయండి. ఏదైనా విరిగితే ఎయిర్‌పోర్టు దాటకముందే రాతపూర్వక రిపోర్టు తీసుకోండి. ఇంటి వస్తువులకు ఇచ్చే హౌస్‌హోల్డర్ పాలసీల్లో బయట తిరిగే వస్తువులకు ‘ఆల్ రిస్క్’ విభాగం ఉంటుంది. అందులో వీల్‌చైర్ చేరుతుందా, విమానంలో జరిగిన నష్టం వస్తుందా అని ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. నోటి మాట పనికిరాదు.

రైల్లో థర్డ్ ఏసీలో మీకూ, తోడు వచ్చే మనిషికీ 75 శాతం రాయితీ ఉంది, సెకండ్ ఏసీలో 50 శాతం. రైల్వే రాయితీ కార్డు ఇంకా తీసుకోకపోతే ఈ నెలలోనే ఆ పని చూడండి.

ట్యాక్స్ గురించి మీరు అడగలేదు కానీ ఎవరో ఒకరు వికలాంగులకు పన్ను తగ్గింపునిచ్చే సెక్షన్ 80యూ ఉందిగా, పాత విధానానికి మారమని చెబుతారు. మారకండి. 2025-26కు మీ రూ.8.64 లక్షల జీతం మీద కొత్త విధానంలో పన్ను సున్నా. 80యూ కింద రూ.1.25 లక్షలు తగ్గించుకున్నా పాత విధానంలో అంతకంటే మేలు రాదు.

ఎఫ్‌డీ మొత్తం ఒకే డిపాజిట్‌గా ఉంటే, కొంత భాగమే తీసుకునే వీలుందా అని బ్యాంకులో అడగండి. లేదంటే మొత్తం తీసి, మిగిలిన రూ.2.25 లక్షలను మూడు చిన్న ఎఫ్‌డీలుగా అదే రోజు వేసేయండి. డబ్బు కట్టేముందు డెమో కుర్చీని ఇంటికి తెప్పించుకుని, మీరు రోజూ ఎక్కే క్యాబ్ డిక్కీలో ఒకసారి పెట్టించి చూడండి.