రైతు సొమ్ము మీ ఖాతాలో ఆగుతుందా? అసలు ప్రశ్న అదే

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా పొదలకూరు. నిమ్మ రైతులకూ ఉత్తరాది వ్యాపారులకూ మధ్య ఒక యాప్ పెట్టాలనుకుంటున్నాను. వ్యాపారి కట్టిన డబ్బు మా కరెంట్ ఖాతాకు వస్తుంది. సరుకు అందాక కమిషన్ పట్టుకుని మిగతాది రైతుకు వేస్తాం. తర్వాత వాలెట్ కూడా పెడతాం. చేతిలో 35 లక్షలున్నాయి. ఎల్‌ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) పెట్టి ఏ లైసెన్సుకు దరఖాస్తు చేయాలి?

జవాబు: ఈ పద్ధతిలో మాత్రం మొదలుపెట్టకండి. ఏ లైసెన్సు కావాలో యాప్‌ని చూసి చెప్పలేం, డబ్బు ఎక్కడ ఆగుతుందో చూసి చెప్పాలి. రైతుకు చేరాల్సిన సొమ్ము ఒక్క రోజు మీ దగ్గర ఆగినా అది పేమెంట్ అగ్రిగేటర్, అంటే కొన్నవాళ్ల డబ్బు తీసుకుని అమ్మినవాళ్లకు చేర్చే సంస్థ చేసే పని. దానికి రిజర్వ్ బ్యాంకు అనుమతి తప్పనిసరి. అనుమతి లేకుండా నడిపితే 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టం కింద పదేళ్ల దాకా జైలు పడొచ్చు. పైగా మీ సొంత బకాయి ఏదైనా ఉండి ఆ కరెంట్ ఖాతాను స్తంభింపజేస్తే, అందులో ఉన్న రైతుల డబ్బు కూడా ఇరుక్కుంటుంది. అగ్రిగేటర్లు జనం సొమ్మును విడిగా ఎస్క్రో ఖాతాలోనే (సొంత డబ్బుతో కలపకుండా బ్యాంకులో వేరుగా ఉంచే ఖాతా) ఉంచాలన్న నిబంధన ఇలాంటి ముప్పు తప్పించడానికే.

ఆ అనుమతికి ఎల్‌ఎల్‌పీ పనికిరాదు, కంపెనీయే ఉండాలి. దరఖాస్తు నాటికి నెట్‌వర్త్ (ఆస్తుల్లోంచి అప్పులు తీసేస్తే మిగిలేది) 15 కోట్లు, అనుమతి వచ్చాక మూడో ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి 25 కోట్లు చూపాలి. చాలామంది పొరబడేది ఇక్కడే. అప్పు తెచ్చి బ్యాంకులో వేసినంత మాత్రాన నెట్‌వర్త్ పెరగదు, ఎందుకంటే బాకీ కూడా అంతే పెరుగుతుంది. యాప్ తయారీకి పెట్టిన ఖర్చును కనిపించని ఆస్తిగా పుస్తకాల్లో రాసుకున్నా, లెక్కలో దాన్ని తీసేస్తారు. వాలెట్ అనుమతికి నెట్‌వర్త్ మొదట 5 కోట్లు, తర్వాత 15 కోట్లు కావాలి. మీ సరుకు కొనడానికి మాత్రమే పనికొచ్చే వాలెట్‌కు అనుమతి అక్కర్లేదు గానీ, ఇక్కడ సరుకు మీది కాదు, రైతులది.

35 లక్షలతో చేయగలిగింది వేరే ఉంది. ఇప్పటికే అనుమతి ఉన్న అగ్రిగేటర్‌తో ఒప్పందం చేసుకోండి. వ్యాపారి డబ్బు వాళ్ల ఎస్క్రోకు పోయి, అక్కడే చీలి, రైతు వాటా రైతుకూ మీ కమిషన్ మీకూ రావాలి. ఆ సంస్థ పేరు రిజర్వ్ బ్యాంకు వెబ్‌సైట్ జాబితాలో ఉందో లేదో మీరే చూసుకోండి. తుది అనుమతి వచ్చిందా, సూత్రప్రాయ అనుమతే ఉందా అన్నది కూడా తేల్చుకోండి.

ఒప్పందంలో తరుగు సంగతి తప్పక రాయించండి. నిమ్మకాయలు దారిలో బరువు తగ్గుతాయి, కొన్ని కుళ్లుతాయి. సరుకు అందిందని ఎవరు ధ్రువీకరిస్తారు, ఎన్ని గంటల్లోపు అభ్యంతరం చెప్పాలి, వెనక్కిచ్చే డబ్బు ఎవరి వాటాలోంచి పోతుంది అన్నవి ముందే తేలకపోతే ప్రతి లోడుకూ తగాదాయే. లారీ లోడు డబ్బుకు మామూలు యూపీఐ పరిమితి చాలకపోవచ్చు. నెఫ్ట్, ఆర్‌టీజీఎస్ ద్వారా వచ్చే సొమ్ము ఏ వ్యాపారిదో తెలిసేలా వ్యాపారికో వర్చువల్ ఖాతా నంబరు (గుర్తుపట్టడానికి మాత్రమే ఇచ్చే నంబరు) ఇమ్మని అగ్రిగేటర్‌ను అడగండి.

రైతుల కేవైసీ దగ్గర పని ఆగిపోయే అవకాశం ఎక్కువ. పాన్ కార్డు మీద ఇంటిపేరు పూర్తిగా, పాస్‌బుక్ మీద ఒక్క అక్షరంగా ఉంటే సెటిల్‌మెంట్ (రైతు ఖాతాకు డబ్బు జమ) నిలిచిపోవచ్చు. సీజన్ మొదలయ్యేలోపు ఆ రెండూ సరిపోల్చి, తేడా ఉన్నవాళ్లను బ్యాంకుకు పంపి దిద్దించండి.

ఎవరైనా "మా లైసెన్సు మీద నడుపుకోండి, నెలకింత ఇవ్వండి" అంటే సంతకం పెట్టకండి. ఆ అనుమతి అద్దెకిచ్చేది కాదు.