యార్క్‌లో నవంబరు ఆదివారానికి వెళ్ళే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

యార్క్‌లో రిమెంబ్రెన్స్ సండే (యుద్ధాల్లో చనిపోయినవాళ్ళను తలుచుకునే నవంబరు ఆదివారం) నాడు జరిగే సైనిక సంస్మరణకు వెళ్ళాలని ఉందని, అక్కడ ఎలా మసలుకోవాలో తెలియడం లేదని నువ్వు రాసిన ఉత్తరం అందింది. ఇంగ్లండ్‌లోని ఆ ఊళ్ళో పాతికేళ్ళు ఉద్యోగం చేసి, ఏటా ఆ ఆదివారం ఆ జనంలో నిలబడినవాణ్ణి కనుక నాకు తెలిసినది చెబుతాను. వీటిలో ముఖ్యమైనది ఒక్కటే: ఆ కార్యక్రమం ఎవరి కోసం జరుగుతోందో వాళ్ళ పేర్లు ముందుగా చదివి, ఆ తరువాతే అక్కడికి వెళ్ళు.

నేను మొదటి ఏడాది ఏమీ తెలియకుండానే వెళ్ళాను. లీమన్ రోడ్డు పక్కనున్న నగర స్మారకం దగ్గర జనం నిలబడి ఉంటే, ఇంకా మొదలుకాలేదనుకుని వాళ్ళ మధ్య నుంచి ముందుకు నడిచాను. ఛాతీ నిండా పతకాలున్న ఒక ముసలాయన ఏమీ అనకుండా నా భుజం మీద చెయ్యి వేసి ఆపాడు. అప్పటికే పదకొండు గంటలు కొట్టేశాయి, రెండు నిమిషాల మౌనం నడుస్తోంది. ఆ చేతి బరువు ఇప్పటికీ నాకు గుర్తుంది. అందుకే చెబుతున్నాను, పదిన్నరకల్లా చేరుకో, ఫోను పూర్తిగా ఆపేయి, బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ అనే సంతాప బాణీ వినిపించగానే ఉన్నచోటే నిలబడిపో.

ఆ నగర స్మారకం ఒక రాతి శిలువ, దాని మీద పేర్లు ఉండవు. పేర్లు చదవాలంటే కొద్ది దూరంలో కోటగోడ పక్కనున్న నార్త్ ఈస్టర్న్ రైల్వే స్మారకం దగ్గరికి వెళ్ళాలి. మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆ కంపెనీ ఉద్యోగులు 2,236 మంది పేర్లు అక్కడ రాళ్ళ మీద చెక్కి ఉన్నాయి. సైన్యంలో చేరక ముందు వీళ్ళంతా రైల్వేలో ఏదో ఒక పని చేసుకుని బతికినవాళ్ళే. ఈ రెండు స్మారకాలనూ రూపొందించినది బ్రిటిష్ వాస్తుశిల్పి ఎడ్విన్ లుట్యెన్స్. ఢిల్లీలోని ఇండియా గేట్, నిజాం కోసం కట్టిన హైదరాబాద్ హౌస్ కూడా ఆయనవే కనుక, ఆ రాతి పని ముందు నిలబడినప్పుడు నీకు కొంత పరిచయమున్నట్టే అనిపిస్తుంది. ఒక వరుస ఎంచుకుని, ఆ పేర్లను పెదవులు కదిలేలా మెల్లగా చదువు. పది పేర్లు చదివేసరికి అన్ని వేల మంది అంటే ఎంతమందో లోపలికి దిగుతుంది.

ఊళ్ళోని పెద్ద చర్చి యార్క్ మిన్‌స్టర్‌కు ఒక పూటంతా కేటాయించు. ఉత్తరపు వైపు 'ఫైవ్ సిస్టర్స్' అనే అయిదు పొడుగాటి కిటికీలు కనిపిస్తాయి. పదమూడో శతాబ్దపు ఆ గాజు బూడిద, ఆకుపచ్చ ఛాయల్లో మసకగా వెలుగుతూ ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో ప్రాణాలిచ్చిన బ్రిటిష్ సామ్రాజ్యపు స్త్రీల జ్ఞాపకార్థం ఆ గాజును బాగుచేయించి 1925లో ఆవిష్కరించారు. దగ్గరలోనే ఓక్ చెక్క పలకల మీద పద్నాలుగు వందలకు పైగా స్త్రీల పేర్లున్నాయి. యుద్ధ స్మారకమంటే మగవాళ్ళదే అనుకునే మనవంటివాళ్ళకు ఆ పలకలు తప్పనిసరిగా చూడవలసినవి. అక్కడికి దగ్గరలోనే ఉన్న ఖగోళ గడియారాన్ని 1955లో పెట్టారు. యార్క్‌షైర్, డర్హమ్, నార్తంబర్లాండ్ స్థావరాల నుంచి ఎగిరి రెండో ప్రపంచ యుద్ధంలో మరణించిన సుమారు 18,000 మంది వైమానికులకు అది స్మారకం.

బయటికి వచ్చాక కాన్‌స్టాంటైన్ విగ్రహాన్ని చూడు. క్రీ.శ. 306లో రోమన్ సైన్యం ఆయనను చక్రవర్తిగా ప్రకటించినది ఈ ఊళ్ళోనే. ఆ సైన్యపు కోట రాళ్ళు ఇప్పటికీ మిన్‌స్టర్ కిందనే ఉన్నాయి.

ఊరేగింపులో లార్డ్ మేయర్ ముందు ఖడ్గం మోసుకొస్తే దాని మొన ఎటు ఉందో గమనించు. 1396లో ఇంగ్లండ్ రాజు రెండవ రిచర్డ్ ఇచ్చిన శాసనం ప్రకారం నగర మేయర్ ముందు ఖడ్గాన్ని మొన పైకెత్తి మోసుకెళ్ళవచ్చు, రాజు ఎదుట మాత్రం దించాలి. ఒక నగరం తన గౌరవాన్ని ఆరు వందల ఏళ్ళకు పైగా ఒక కత్తి మొనలో కాపాడుకుంటూ రావడం నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. నగర ఖడ్గాలలో ఒకటి మొదట పవిత్ర రోమన్ చక్రవర్తి సిగిస్మండ్‌ది, 1439లో నగరానికి చేరింది.

నవంబరు 14 రాజు చార్లెస్ పుట్టినరోజు. మ్యూజియం గార్డెన్స్‌లో 21 ఫిరంగులు పేలుస్తారు, ఆ తేదీ ఆదివారమైతే మర్నాటికి మారుస్తారు. వీలుంటే వెళ్ళు, కానీ రెండింటినీ ఒకే మనసుతో చూడకు. అది సంబరం, ముందు చెప్పినది సంతాపం.

యుద్ధంలో పోయినవాళ్ళ గుర్తుగా పెట్టుకునే ఎర్ర పాపీ పువ్వును ఆ ముందు వారాల్లోనే చందా డబ్బాలో నీకు తోచినంత వేసి తీసుకుని కోటుకు పెట్టుకో. దండలు ఉంచేటప్పుడు ఫోటోలు తీయకు. పక్కన ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకుంటే వాళ్ళ ముఖం వైపు చూడకు. చలి గట్టిగా ఉంటుంది, మందమైన మేజోళ్ళు వేసుకో.

ఇంకొకటి. ఫుల్‌ఫర్డ్ రోడ్డు వైపు బస్సులో వెళితే ఇంఫాల్ బ్యారక్స్ అన్న పేరు కనిపిస్తుంది. 1944లో మణిపూర్ ఇంఫాల్ దగ్గర జపాన్ సైన్యాన్ని ఆపిన యుద్ధం పేరే అది. యార్క్‌కు చెందిన వెస్ట్ యార్క్‌షైర్ రెజిమెంట్ అక్కడ పోరాడింది, దాని పక్కన పోరాడినవారిలో భారతీయ సైనికులే ఎక్కువ. ఆ బర్మా యుద్ధంలో వంతెనలు, దారులు వేసిన మద్రాసు సాపర్లలో (సైనిక ఇంజనీరింగ్ దళంలో) మన తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆదివారం మౌనంలో నిలబడినప్పుడు వాళ్ళను కూడా తలుచుకో. వెళ్ళి వచ్చాక, రైల్వే స్మారకం మీద నువ్వు చదివిన వరుసలోని పేర్లు రెండు మూడు నాకు రాసి పంపు.

మీ పెదనాన్న